కట్టగా కొన్న సరుకులకు పన్ను లెక్క: తల్లిదండ్రులకొక పాఠము

మన పిల్లలు మాధ్యమిక తరగతులలో శాతముల లెక్కలు నేర్చుచున్నారు. వడ్డీ, లాభము, నష్టము, తగ్గింపు అను శీర్షికల క్రింద వారు చేయు లెక్కలకు జవాబులు పుస్తకము చివర నుండును. కాని అంగడివారిచ్చు బిల్లునందలి శాతములకు జవాబు చూపు పుస్తకము లేదు. దానిని చదువుట తల్లిదండ్రులే నేర్చుకొని పిల్లలకు నేర్పవలెను.

మనవంటి వారికి ఈ పని మరికొంత కష్టము. కోయంబత్తూరునందును మధురయందును తరతరములుగా కాపురముండు తెలుగు కుటుంబములకు ఇంటి మాట తెలుగు, అంగడి మాట తమిళము, బిల్లు మాట ఆంగ్లము. మూడు భాషల నడుమ లెక్క జారిపోవుట సులభము. కావున వస్తు సేవల పన్నునకు సంబంధించిన ఒక్క విషయమును తెలుగున వివరింపదలచితిని. పలు సరుకులను ఒక్క కట్టగా, ఒక్క ధరకు అమ్మినప్పుడు పన్ను ఎట్లు పడును? బడి తెరచునప్పుడు సంచియు, పుస్తకములును కొను ప్రతి ఇంటికిని ఈ ప్రశ్నతో పని కలదు.

1. ప్రశ్న పాతదే

అమ్మకపు పన్ను మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1939లో రాజగోపాలాచారిగారి ప్రభుత్వము మద్రాసు రాజధానియందు సాధారణ అమ్మకపు పన్ను శాసనమును చేసినది. నాడు కోయంబత్తూరు, మధురలే గాక బెజవాడ, గుంటూరులును ఆ శాసనము క్రిందనే యుండెను.

కట్ట సరుకుల వివాదము ఆ శాసనము క్రిందనే పెద్ద న్యాయస్థానమునకు ఎక్కినది. ఇల్లు కట్టించి యిచ్చు గుత్తేదారు ఇటుకలు, ఇనుము, సిమెంటు తానే తెచ్చి, కూలి కలిపి, మొత్తమునకు ఒక్క ధర చెప్పును. అందులో ఇటుకల వంతు ఇంత అని విడదీసి, దానిని అమ్మకముగా భావించి ప్రభుత్వము పన్ను వేయవచ్చునా? మద్రాసు రాష్ట్ర ప్రభుత్వమునకును గ్యానన్ డంకర్లీ కంపెనీకిని నడచిన వ్యాజ్యెమున 1958 ఏప్రిల్ 1వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అట్టి ఒప్పందము ఏకమైనది, విడదీయరానిది. అందు ఇటుకల అమ్మకమనునది వేరుగా లేదు అని ఆ తీర్పు సారాంశము. తరువాత 1982లో రాజ్యాంగమునకు 46వ సవరణ చేసి, అట్టి గుత్తలలోని వస్తువుల వంతుపై పన్ను వేయు అధికారమును రాష్ట్రములకు కల్పించిరి.

విడదీయరానిదేది, విడదీయదగినదేది అను ఈ ప్రశ్న పన్ను చట్టముల వెంట నేటివరకును నడచుచున్నది. 2017 జూలై 1న అమలునకు వచ్చిన వస్తు సేవల పన్ను చట్టము దీనికి తన సమాధానమును 2వ, 8వ సెక్షనులలో చెప్పినది.

2. కూడికలు మూడు విధములు

అలంకారశాస్త్రమున క్షీరనీర న్యాయము, తిలతండుల న్యాయము అని రెండు మాటలు కలవు. పాలు నీళ్లు కలిసినచో వేరు చేయజాలము. నువ్వులు బియ్యము కలిసినచో చూడగనే వేరుగా తెలియును, ఏరి వేరు చేయవచ్చును. పన్ను లెక్కకు ఈ రెంటితో పాటు మన వంటింటి రుబ్బురోలును కూడ జ్ఞప్తియందుంచుకొన్నచో పాఠము సులభమగును.

మొదటిది పాలు నీళ్ల కూడిక. రెండు వస్తువులు కలిసి మూడవ వస్తువగును. 2024 సెప్టెంబరులో కేంద్ర ఆర్థికమంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్‌గారు కోయంబత్తూరు వర్తకులతో సమావేశమైనప్పుడు శ్రీ అన్నపూర్ణ హోటళ్ల శ్రీనివాసన్‌గారు ఇట్టి చిక్కునే విన్నవించిరి. బన్నుకు పన్ను లేదు. అందులో క్రీము పెట్టినచో 18 శాతము పన్ను పడుచున్నది. బన్నును క్రీమును విడివిడిగా ఇమ్మని, తామే పెట్టుకొందుమని కొనువారు అడుగుచున్నారు అని వారి మాట. దేశమంతయు ఆ మాట చెప్పుకొన్నది. ఇది నిజమునకు కట్ట సరుకు కాదు. క్రీము బన్ను అనునది వేరొక వస్తువు. దానికి పట్టికయందు వేరొక స్థానము, వేరొక రేటు. 2025 సెప్టెంబరు 22 నుండి కేకులు, పేస్ట్రీలు, బిస్కత్తులు మొదలగు బేకరీ సరుకుల రేటును 18 నుండి 5 శాతమునకు తగ్గించిరి. కావున ఆ చిక్కు చాలవరకు సడలినది. అయినను న్యాయము మారలేదు. కలిసి క్రొత్త వస్తువైనదానికి ఆ క్రొత్త వస్తువు రేటే వర్తించును.

రెండవది రుబ్బురోలు కూడిక. రోలున్నచోట పొత్రముండును. పొత్రము లేని రోలును ఎవరును కొనరు. చట్టము దీనిని సంయుక్త సరఫరా అనును. ఇందు మూడు లక్షణములు కావలెను. వస్తువులు గాని సేవలు గాని రెండో అంతకు మించియో ఉండవలెను. అవి సహజముగా జతగూడి, వర్తకమున మామూలుగా కలిసియే అమ్ముడుపోవుచుండవలెను. వానిలో ఒకటి ప్రధానమై తక్కినవి దాని ననుసరించుచుండవలెను. అప్పుడు మొత్తమునకు ప్రధాన వస్తువు రేటే పడును. సరుకును పెట్టెలో కట్టి, బండిలో పంపి, దారిలో నష్టమునకు భీమా చేయించి అమ్మినచో, ఆ కట్టుబడి, రవాణా, భీమాలన్నియు సరుకు వెంటనే నడచునని చట్టమే ఉదాహరణ మిచ్చినది.

కోయంబత్తూరు గ్రైండరు భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువు. దానిని కొన్నప్పుడు అంగడివారే ఇంటికి పంపి, పంపినందులకు రుసుము తీసికొన్నచో, ఆ రుసుమునకును గ్రైండరు రేటే వర్తించును. అదే న్యాయము మనకు మేలు కూడ చేయును. అచ్చు పుస్తకములకు పన్ను లేదు. పుస్తకముల అంగడివారు తామే పుస్తకములను ఇంటికి పంపి రుసుము తీసికొన్నచో, పుస్తకమే ప్రధానము గనుక, ఆ రుసుమునకును పన్ను పడదు.

మూడవది నువ్వులు బియ్యము కూడిక. చట్టమున దీని పేరు మిశ్రమ సరఫరా. ఒకదానితో ఒకటికి సహజ సంబంధము లేని సరుకులను వర్తకుడు తన సౌకర్యమునకై ఒక్క పెట్టెలో పెట్టి ఒక్క ధర కట్టినచో, ఆ పెట్టెలో దేనికి రేటు అందరికంటె ఎక్కువయో ఆ రేటు పెట్టె మొత్తమునకు పడును. మిఠాయిలు, చాక్లెట్లు, కేకులు, ఎండు ఫలములు, సోడా పానీయములు కలిపి ఒక్క ధరకు అమ్ము పెట్టెను చట్టము ఉదాహరణగా చూపినది. అవే సరుకులను విడివిడిగా అమ్మినచో మిశ్రమ సరఫరా కాదనియు అక్కడనే చెప్పినది.

ఈ చివరి మాటయే తల్లిదండ్రులకు ముఖ్యము.

3. బడి సామగ్రి లెక్క

2025 సెప్టెంబరు 22న సవరించిన పట్టిక ప్రకారము నోటు పుస్తకములు, పెన్సిళ్లు, రబ్బర్లు, షార్పెనర్లు, రంగు క్రేయానులు పన్ను లేనివి. అంతకుముందు నోటు పుస్తకములకును పెన్సిళ్లకును 12 శాతముండెను. జామెట్రీ పెట్టెకు 12 శాతము పోయి 5 శాతమైనది. బడి సంచికి మాత్రము 18 శాతము. ఒక్కటి 2,500 రూపాయలకు మించని దుస్తులకు 5 శాతము.

ఒక అంగడిలో పన్ను కలుపకమునుపు ధరలు ఇట్లున్నవనుకొందము. సంచి 600 రూపాయలు, నోటు పుస్తకములు 500 రూపాయలు, జామెట్రీ పెట్టె 100 రూపాయలు, పెన్సిళ్లు రబ్బర్లు 50 రూపాయలు. మొత్తము 1,250 రూపాయలు.

విడివిడిగా ధర వేసి బిల్లు వ్రాసినచో: సంచికి 18 శాతము చొప్పున 108 రూపాయలు, నోటు పుస్తకములకు లేదు, జామెట్రీ పెట్టెకు 5 శాతము చొప్పున 5 రూపాయలు, పెన్సిళ్లకు లేదు. పన్ను మొత్తము 113 రూపాయలు.

వీనినన్నిటిని ఒక్క పెట్టెలో పెట్టి, పేరొకటి పెట్టి, ఒక్క ధరకు అమ్మినచో: సంచి లేక నోటు పుస్తకమును, నోటు పుస్తకము లేక సంచియు అమ్ముడుపోవునవే గనుక, ఇది మిశ్రమ సరఫరాగా ఎంచబడును. 1,250 రూపాయల మీద 18 శాతము, అనగా 225 రూపాయలు.

భేదము 112 రూపాయలు. సరుకులవే, అంగడి అదే, బిల్లు వ్రాసిన తీరే వేరు. ఇందు మరియొక సంగతి గమనింపవలెను. ప్రభుత్వము నోటు పుస్తకములకు పన్ను తీసివేసినది పిల్లల చదువునకు మేలు కలుగవలెననియే. ఆ మేలు కట్టలో పడినచో కరగిపోవును. పన్ను లేని నోటు పుస్తకము సంచితో కలిసి 18 శాతము వస్తువగును. రేటు తగ్గినకొలది కట్టవలని నష్టము పెరుగునే గాని తరుగదు.

బడి రుసుము విషయమున ఇట్టి భయము లేదు. శిశుతరగతి మొదలు హయ్యరు సెకండరీ వరకు పాఠశాల తన విద్యార్థులకు చేయు సేవలకు వస్తు సేవల పన్ను లేదు. చదువు, బడిబండి, బడిలో పెట్టు భోజనము ఇందు చేరును. కాని ఈ మినహాయింపు సేవలకే. సంచి, జోళ్లు, దుస్తులు వస్తువులు. వాని ధరను రుసుముతో కలిపి ఒక్క అంకెగా చెప్పినచో ఏది ఎంతయో తెలియదు. అచ్చట వస్తువులకు వేరు బిల్లు అడుగుట న్యాయము.

4. దీపావళి పెట్టె

ఇంకొక లెక్క. పండుగకు బంధువులకు పంపు పెట్టెలో 500 రూపాయల మిఠాయిలు, 400 రూపాయల జీడిపప్పు, బాదము, 100 రూపాయల తీపి సోడా సీసాలు ఉన్నవనుకొందము. ఇవియు పన్ను కలుపని ధరలే. మిఠాయిలకును పప్పులకును 5 శాతము. తీపి సోడాలకు 2025 సెప్టెంబరు 22 నుండి 40 శాతము.

విడివిడిగా: 25, 20, 40 రూపాయలు, మొత్తము 85. ఒక్క ధర పెట్టెగా: 1,000 రూపాయల మీద 40 శాతము, అనగా 400 రూపాయలు. నూరు రూపాయల సోడా తొమ్మిదివందల రూపాయల మిఠాయిల మీదికి తన రేటును ఎక్కించినది. పెట్టెలో సోడా లేకున్నచో పన్ను 45 రూపాయలే.

మిఠాయి అంగడివారు ఈ సంగతి నెరిగినచో సోడాను పెట్టె వెలుపల నుంచి వేరుగా అమ్ముదురు. ఎరుగని చోట కొనువారే అడుగవలెను.

5. ఉచితమను మాట

గ్రైండరు కొన్నచో కుక్కరు ఉచితము, పళ్లపొడి కొన్నచో కుంచె ఉచితము అను ప్రకటనలు గాంధీపురము నుండి మధుర మాసి వీథుల వరకు కనబడుచున్నవి. ఒకటి కొన్నచో ఒకటి ఉచితమనుట నిజమునకు ఉచితము కాదనియు, ఒకదాని ధరకు రెండు వస్తువులను అమ్ముటయే అనియు 2019 మార్చి 7వ తేదీ నాటి సర్క్యులరులో కేంద్ర పన్నుల మండలి వివరించినది. ఆ రెండును సహజముగా జతగూడినవా, కావా అను పరీక్షను బట్టియే రేటు తేలును. రెండు వస్తువుల రేటు ఒకటే అయినచో చిక్కే లేదు. రేట్లు వేరైనచో, ఉచితమనిన వస్తువే మొత్తము రేటును పెంచవచ్చును.

6. బిల్లు చదువు విధము

మొదట పైభాగమున అంగడి పన్ను నమోదు సంఖ్యను చూడవలెను. అది 15 అక్షరములును అంకెలును కలిసినది. తమిళనాడున వస్తువులు మాత్రమే అమ్ము వర్తకునికి ఏడాది అమ్మకము 40 లక్షల రూపాయలు మించనిచో సాధారణముగా నమోదు అక్కరలేదు. నమోదు లేనివారు పన్ను పేరున ఏమియు వసూలు చేయరాదు. కాంపోజిషను పద్ధతిలో నమోదైన వర్తకులును కొనువారినుండి పన్ను వసూలు చేయరాదు. ఆ సంగతి వారి బిల్లు మీదనే వ్రాసియుండవలెను.

రెండవది, పన్ను రెండు వరుసలలో ఉండును. ఒకటి కేంద్రమునకు, ఒకటి రాష్ట్రమునకు. రెండింటను 9 అని యున్నచో పన్ను 18 శాతమే గాని 9 కాదు. రెండున్నర రెండున్నర అని యున్నచో 5 శాతము.

మూడవది, డబ్బా మీద అచ్చువేసిన గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నియు చేరియే యుండును. దానిపై మరల పన్ను కలుపరాదు. అందలి పన్ను ఎంతయో తెలియగోరినచో, 18 శాతము వస్తువునకు ధరను 118 చేత భాగించి 18 చేత గుణింపవలెను. 5 శాతమునకు 105 చేత భాగించి 5 చేత గుణింపవలెను.

నాలుగవది, బిల్లులో ప్రతి వస్తువునకు వేరు వరుస, వేరు ధర, వేరు రేటు ఉన్నదా అని చూడవలెను. కట్టకు ఒక్కటే వరుస ఉన్నచో, డబ్బు చెల్లింపకమునుపే విడిగా వ్రాయుమని అడుగవలెను. చెల్లించి ఇంటికి వచ్చిన పిదప అడుగుట కష్టము.

ఇందొక హెచ్చరిక కలదు. విడివిడిగా వ్రాయుట అన్నిచోట్లను చెల్లదు. రోలు వేరు, పొత్రము వేరు అని కాగితము మీద వ్రాసినంతమాత్రమున అవి వేరగునా? సహజముగా ఒక్కటిగా అమ్ముడుపోవు వానిని బిల్లులో చీల్చినను పన్ను అధికారి వానిని ఒక్కటిగానే ఎంచవచ్చును. విడివిడిగా కొనగల వానిని విడివిడిగా కొనుట న్యాయము. కొనలేని వానిని కొన్నట్లు వ్రాయించుట న్యాయము కాదు. మనము కోరునది న్యాయమైన లెక్క మాత్రమే. పిల్లలకు నేర్పునప్పుడు ఈ భేదమును తప్పక చెప్పవలెను.

7. సంఘములవారికి మనవి

పేద విద్యార్థులకు సంచులును పుస్తకములును పంచుట మన ఊళ్లలోని తెలుగు సంఘములకు తగిన పుణ్యకార్యము. పంచువారు సామాన్యముగా సులువు కొరకు ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క కట్ట చొప్పున ఒక్క ధరకు అంగడివారితో మాటలాడుకొందురు. పైన వేసిన లెక్కలో కట్టకు 112 రూపాయల భేదము కనబడినది. నూరుమంది పిల్లలకు అది 11,200 రూపాయలు. 600 రూపాయల సంచికి పన్నుతో 708 రూపాయలు. అనగా ఆ సొమ్ముతో మరి 15 మంది బిడ్డలకు సంచులు వచ్చి, 580 రూపాయలు మిగులును. చందా ఇచ్చినవారి ధనము బిడ్డల చేతికి చేరవలెను గాని బిల్లు వ్రాయు తీరు వలన దారి తప్పరాదు.

చేయవలసిన పని స్వల్పము. సరుకులను విడివిడిగా కొని, విడివిడిగా బిల్లు వ్రాయించుకొని, కట్టలు కట్టు పనిని సంఘపు యువకులు ఒక సాయంకాలము కూర్చుండి చేసికొనవచ్చును. పన్ను పడునది అమ్మిన కట్టకే గాని మన చేతులతో మనము కట్టుకొన్న కట్టకు కాదు.

అభ్యాసము

ఈ క్రింది లెక్కలను తల్లిదండ్రులు పిల్లలతో కూర్చుండి చేయింప ప్రార్థన.

(1) 700 రూపాయల సంచి, 800 రూపాయల నోటు పుస్తకములు విడివిడిగా కొన్నచో పన్ను ఎంత? ఒక్క ధర కట్టగా కొన్నచో ఎంత? భేదమెంత?

(2) ఒక బిల్లులో 400 రూపాయల వస్తువునకు కేంద్రపు పన్ను రెండున్నర శాతము, రాష్ట్రపు పన్ను రెండున్నర శాతము అని యున్నది. చెల్లింపవలసిన మొత్తమెంత?

(3) గరిష్ఠ చిల్లర ధర 590 రూపాయలుగల సంచిలో 18 శాతము పన్ను వంతు ఎంత?

(4) ఇడ్లీతో చట్నీ, సాంబారు, పలకతో బలపము, సబ్బుతో గొడుగు. వీనిలో రోలు పొత్రముల వంటివేవి, నువ్వులు బియ్యముల వంటివేవి? కారణము చెప్పుము.

జవాబులు: (1) 126 రూపాయలు, 270 రూపాయలు, భేదము 144 రూపాయలు. (2) 420 రూపాయలు. (3) 90 రూపాయలు. (4) దీనికి జవాబును ఇంటివారే చర్చించి తేల్చుకొనవలెను. రెండవ జత విషయమున తండ్రికిని బిడ్డకును అభిప్రాయభేదము కలిగినచో సంతోషింపవలెను. న్యాయస్థానములలో జరుగు వాదము అట్టిదే.